ఎర్రమ్మ చదివిన నా అబద్ధం

క్రైస్తవ మిషను పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నాలుగు ప్రోత్సాహపు మాటలు రాసిమ్మన్నారు. నాలుగు మాటలతో సరిపెట్టడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. నాతో పనిచేసిన వాళ్లెవరినైనా అడగండి, మీరు అడక్కపోయినా చెప్తారు. ఏ ఏడాది ఎక్కడికి బదిలీ అయ్యాను, వీడ్కోలు సభలో ఎవరు శాలువా కప్పారు, అవేవీ రాయను. శాలువా పెట్టెలో ఉంది, పురుగులు దాని సంగతి చూసుకుంటాయి.

నేను చెప్పేది ఒక్కటే. దేవుడు మాట మార్చడు. నేను మార్చాను. ఈ రెండు సంగతులూ నాకు ఒకే ఊళ్లో, ఒకే వారంలో రుజువయ్యాయి. ఇన్నేళ్ల తరవాత కూడా ఆ వారం తలుచుకుంటే కుర్చీలో కూర్చోబుద్ధి కాదు, లేచి తిరుగుతూ చెప్పాలనిపిస్తుంది. రాయమన్నారు కాబట్టి బలవంతాన కూర్చున్నాను.

పాత్రపూర్ అంబలి

ముందు ఈ ఉద్యోగం ఏమిటో తెలుసుకోండి. సభలూ పాటలూ అనుకుని వచ్చారేమో, అవి ఏడాదికి రెండు రోజులు. మిగతాదంతా కాచుక్కూర్చోవడం. బస్సు కోసం, వాన వెలవడం కోసం, పొలం నుంచి ఆడవాళ్లు తిరిగి రావడం కోసం. వచ్చాక వాళ్లకి ఓపిక ఉండదు. అదీ పని.

నా మొదటి నాలుగేళ్లూ గంజాం జిల్లాలో, పాత్రపూర్ చుట్టుపక్కల తెలుగు రైతుల ఊళ్లలో గడిచాయి. నాలుగేళ్లలో నాతో కూర్చుని ప్రార్థన చేసినవాళ్లు ఎవరూ లేరు. అప్పలనర్సమ్మ అని ఒక రైతు ఇల్లాలు ఉండేది, ప్రతి మంగళవారం ఆవిడ అరుగు మీదే నా వాదన.

“ఏటమ్మా, మల్లీ వచ్చినావా? పోయిన్వారం సెప్పింది నాకు నచ్చనేదన్నాను గదా!”

“నచ్చలేదన్నారు. ఎందుకు నచ్చలేదో చెప్పలేదు. అది వినడానికొచ్చాను.”

“ముందు అంబలి తాగు. ఆకలి మీద వాదిస్తే నీకు నోరెక్కువవుద్ది.”

మొదటి ఏడాదంతా నేను దేవుడితో తగువు పెట్టుకున్నాను. బి.ఏ. చదివిన దాన్ని, బరంపురం గేట్ బజార్‌లో నాన్న బట్టల కొట్టు, ఇల్లు, అన్నీ వదిలి నీ వెంట వచ్చాను, ఒక్క మనిషినైనా ఇవ్వవా అని. రెండో ఏడు ఎండాకాలంలో, అప్పలనర్సమ్మ గంటెతో గిన్నెలోకి అంబలి వంపుతుంటే, నాకు ఒళ్లు జలదరించింది. ఒక్క మంగళవారం కూడా నేను ఆ ఊరి నుంచి ఖాళీ కడుపుతో తిరిగి రాలేదు! ఒక్కటి కూడా! ఆయన నన్ను మరిచిపోయాడని నేను అలిగి కూర్చుంటే, ఆయనేమో తనని ఒప్పుకోని మనిషి చేతే నాకు వారం వారం పోయిస్తున్నాడు. నా మాట ఆవిడకి నచ్చిందా లేదా అన్నదానితో ఆయనకి పనే లేదు. పంపినవాణ్ణి నేను, పస్తు పెట్టను అన్నట్టు.

ఇది అర్థమైన దాన్ని, తరవాత ఆ తప్పు ఎలా చేశానా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

“ఫలం ఏదమ్మా?”

మా సూపరింటెండెంటు అయ్యగారు మంచి మనిషి. తను చెయ్యని పని ఇంకొకరికి చెప్పడు, సైకిలు మీద కొండలెక్కినవాడు. ఆయనకి ఉన్న జబ్బు ఒక్కటే, మా మిషను నెలపత్రిక. దానికి ఆయనే సంపాదకుడు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో మా కోసం ప్రార్థన చేసేవాళ్లు దాన్ని ఎదురుచూసి చదివేవారు. అందుకని నెలాఖరు వచ్చేసరికి మా అందరి వెంట పడేవాడు.

“ఫలం ఏదమ్మా, కమలమ్మా? ఫలం రాయి. చెట్టు ఎంత పొడుగు పెరిగిందో ఎవరిక్కావాలి?”

ఫలమంటే మా వాళ్ల మాటలో మనసు మారిన మనిషో, ప్రార్థనతో తగ్గిన జ్వరమో. మిగతావాళ్లు రాసేవాళ్లు. ఆ పత్రికని నమ్మితే గంజాం జిల్లాలో జ్వరమనేది ఎప్పుడో అంతరించిపోయి ఉండాలి. నేను మాత్రం “ఈ నెల కూడా వాదించాను” అని రాసేదాన్ని, ఆయన దాన్ని వేసేవాడు కాదు. వెయ్యనందుకు నాకు బాధ లేదని అందరికీ చెప్పుకునేదాన్ని. ఉండేది.

ఆర్యపల్లి

తరవాత నన్ను ఆర్యపల్లి పంపారు. ఛత్రపురం దగ్గర సముద్రపు ఒడ్డు. అక్కడి తెలుగు వీధిలో మగవాళ్లు వేటకెళ్తే ఆడవాళ్లు గంపలతో చేపలు అమ్ముకొచ్చేవారు. మధ్యాహ్నం వలలు బాగుచేసుకునే పాకలో కాస్త తీరిక దొరికేది. గురువారాలు అక్కడ వాళ్లకి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. ఒప్పందం ఏమిటంటే, గంటసేపు అక్షరాలు, ఆఖర్న పావుగంట దేవుడి మాట.

“అచ్చరాలకి వస్తాం. దేవుడి మాటకి ఉండాలో ఎల్లాలో మా ఇట్టం,” అంది ఎర్రమ్మ మొదటి రోజే.

ముప్పై ఏళ్లుంటాయేమో ఎర్రమ్మకి. గంప దించితే నోరు ఎత్తేది. నాకు సరిజోడు. అందరికంటే ముందు గుణింతాలు పట్టేసింది. ఒక గురువారం నేను మారని దేవుడి గురించి చెప్పాను. మన మీద కోపమొచ్చినా, మనం మరిచిపోయినా, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోడని. ఎర్రమ్మ వల ముడి వేస్తూ విని, “సముద్రం పూటకో రకం. మొగుడు పూటకో రకం. మారనోడొకడున్నాడంటే మంచిదే. సూద్దాం,” అంది.

ఆ ‘సూద్దాం’ విని నేను ఎగిరి గంతేశాను. పాత్రపూర్‌లో నాలుగేళ్లకి కూడా ఆ మాట దొరకలేదు మరి!

ఆ నెలలోనే ఒక పొద్దున్న ఎర్రమ్మ ఒడ్డున కనపడింది. వాళ్లింట్లో గంగమ్మ పటానికి చెద పట్టింది, అద్దం పగిలింది. దాన్ని కొత్తగుడ్డలో చుట్టి, పసుపు చల్లి, చెంపలు వేసుకుని, నీళ్లలో కలిపింది. పాడైన పటాన్ని చెత్తలో వెయ్యరు, పారే నీళ్లలోనో సముద్రంలోనో కలిపి కొత్తది తెచ్చుకుంటారు. మా నాన్నా అంతే చేసేవాడు. అదేమిటో నాకు తెలియదని నేననలేను. ఆ సాయంత్రం వాళ్ల గోడకి కొత్త పటం కూడా చూశాను.

నెలాఖరు వచ్చింది. “ఫలం ఏదమ్మా?”

నేను రాసిచ్చాను: ‘ఆర్యపల్లిలో ఎర్రమ్మ అను సోదరి మారని దేవుని తెలిసికొని, తన యింటి గంగమ్మ పటమును సముద్రములో పారవైచినది.’

మరుసటి నెల పత్రికలో మొదటి పేజీ అదే. బరంపురంలో ఆరాధన అయ్యాక నలుగురు వచ్చి చేతులు పట్టుకున్నారు. నాకు బాగుంది. దాచను, చాలా బాగుంది.

చదువు వచ్చింది

కొన్ని నెలలకి ఆర్యపల్లిలో మొదటి వాచకం అయిపోయింది. చదివించడానికి పుస్తకాలు లేవు. ఆఫీసు బీరువా మీద మా పత్రిక పాత కాపీల కట్ట ఉంటే, చూసుకోకుండా సంచిలో కుక్కుకుని వెళ్లి, పాకలో తలా ఒకటి పంచాను.

ఎర్రమ్మ కాగితం మోకాలి మీద పరుచుకుంది. వేలు పెట్టింది.

“ఆ... ర్య... ప... ల్లి.” ఆగింది. “ఆర్యపల్లి! మనూరే! ఓలమ్మో, మనూరు కాయితంలో ఉందే!”

పది మంది ఆడవాళ్లు మీద పడ్డారు. నాకూ గుండె ఉప్పొంగింది. వాచకంలో లేని మాట, ఎవరూ చెప్పకుండా, మొదటిసారి తనంతట తాను చదివింది! నేర్పిన వాళ్లకే తెలుస్తుంది అదేమిటో.

“ఎ... ర్ర... మ్మ. ఎర్రమ్మ! నాను!”

“నిన్నెవులు రాసినారే?” అన్నారెవరో.

అప్పటికి నాకు గుర్తొచ్చింది. చెయ్యి చాపాను. “అది ఇవ్వు, అది పాతది, ఇంకోటి ఇస్తాను...”

“ఉండు, మిషనమ్మా. వచ్చీసింది.” ఎవరు ఆపగలరు? నేనే కదా నేర్పింది, మధ్యలో వదలకూడదని. “గం... గ... మ్మ... ప... ట... ము... ను...”

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. ఎర్రమ్మ అత్త చోడమ్మ వల మీంచి తలెత్తింది.

“పారీసినావా?” అంది.

“నేదత్తా! కలిపినాను. నువ్వే గుడ్డిచ్చినావు గదా!” ఎర్రమ్మ నా వైపు తిరిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది. “మారనోడి కత సెప్పినావు. సెప్పీసి, నా కత మార్చీసినావేటి?”

ఆ రోజు దేవుడి మాట చెప్పకుండానే సంచి సర్దుకుని బస్సెక్కాను. నన్నెరిగిన వాళ్లకి అదెంత అరుదో తెలుస్తుంది.

తాడు ముట్టని దానయ్య

పెద్దవల ఒక్కరు లాగేది కాదు. వీధి మగవాళ్లంతా రెండు తాళ్లూ పట్టి ఒడ్డుకి లాగుతారు. వేట కాలం మొదట్లో అందరూ కలిసి గంగమ్మకి మొక్కుతారు. తల్లిని అవమానించిన ఇంటి మగాడు తాడు ముడితే వల చిరుగుతుందని వాళ్ల నమ్మకం. నవ్వకండి. ప్రాణం నీళ్ల మీద పెట్టి బతికేవాళ్ల భయాన్ని చూసి నవ్వేవాళ్లకి ఈ పని తగదు.

మర్నాడు పొద్దున్న ఎర్రమ్మ మొగుడు దానయ్యని తాడు ముట్టొద్దన్నారు. కొత్త పటం గోడ మీదే ఉందిగా అంటే, తల్లిని పారేసి బొమ్మ తెచ్చుకుంటే సరిపోద్దా అన్నారట. గుడ్డ ఇచ్చింది గానీ ఒడ్డున ఏం చేసిందో తను చూడలేదని, ఎర్రమ్మని సంగతి తేలేదాకా పుట్టింటికి పొమ్మంది చోడమ్మ. నిండు వేట కాలం. అచ్చులో ఉంది కాబట్టి నిజమే అయి ఉంటుందని ఊరంతా నమ్మింది. అచ్చుకి అంత మర్యాద నేర్పింది ఎవరు? నేనే!

ఛత్రపురం బజారులో చేపలమ్మే మనిషి నాకీ సంగతి చెప్తే, పరుగున బరంపురంలో అయ్యగారి దగ్గరికి వెళ్లాను.

“హౌ, హౌ, సరే, కూర్చో ముందు,” అన్నాడు. “కొన్నాళ్లు ఆ ఊరికి వెళ్లకు. చల్లారనీ.”

“దానయ్య పొయ్యి చల్లారింది, అయ్యగారూ. అది చాలదా?”

“వెళ్లి ఏం చెప్తావు?”

“అబద్ధం రాశానని చెప్తాను.”

“అబద్ధమనకు. విశ్వాసంతో ముందుచూపుగా రాశావు.”

“ముందుచూపు కాదు. కళ్లతో చూసిందే తిప్పి రాశాను.”

ఆయన కళ్లద్దాలు తీశాడు. “కమలమ్మా, మిషనమ్మే అబద్ధమాడిందంటే, మిషనమ్మ చెప్పిన దేవుణ్ణి ఇంకెవరు నమ్ముతారు? ఆయన నామానికి కదా మచ్చ?”

నాకు నిజంగా భయమేసింది. ఆ భయంతోనే ఆర్యపల్లి వెళ్లడానికి బస్సెక్కాను. ఛత్రపురం వచ్చేలోపు ఎక్కడో, కిటికీ పక్కన, నాకు నవ్వొచ్చింది. పక్కసీటు ఆవిడ జరిగి కూర్చుంది, పిచ్చిదనుకుంది కాబోలు. ఎంత గర్వమో చూడండి! దేవుడి పరువు నా చేతిసంచిలో ఉందనుకుంటున్నాను! నేను పుట్టకముందు నుంచి ఆయన నమ్మదగినవాడు. నేను నోరు మూసుకున్న నాడు నమ్మదగినవాడు. నేను అబద్ధం రాసిన నాడు కూడా ఒక్క వీసం తగ్గలేదు. ఆయన్ని కాపాడ్డానికి ఎర్రమ్మని ముంచక్కర్లేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా ఉద్యోగం మొత్తంలో నాకు దొరికిన విశ్రాంతి అదే, ఆ బస్సు సీటు మీద.

కులపెద్ద సోమయ్య వలల పాకలోనే కూర్చోబెట్టాడు నన్ను. చుట్టూ మగవాళ్లు, వెనక ఆడవాళ్లు. ఎర్రమ్మ మూట కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“పారీసిందా, కలిపిందా?” అన్నాడు సోమయ్య.

“కలిపింది. పసుపు చల్లి, దండం పెట్టి కలిపింది. నేను చూశాను.”

“సూసీ, అలగెందుకు రాసినావు?”

“మా వాళ్లు నన్ను మెచ్చుకోవాలని.”

చోడమ్మే ముందు నోరు విప్పింది. “మన మగోల్లు బెత్తెడు సేపని బారెడు సూపించరా? ఇదీ అలాటిదే. సదువుకున్నా బుద్ది ఒకటే.”

పాకంతా నవ్వింది. సోమయ్య నవ్వలేదు. “నువ్వు నోటితో సెప్తే ఈ పాకలోనే ఉంటాది. కాయితం ఊళ్లు తిరిగింది. ఏ కాయితంలో రాసినావో దాన్లోనే తిరగ రాయి. ఎర్రమ్మే సదవాల, మేమంతా ఇనాల. అందాకా దానయ్య తాడు ముట్టడు. నువ్వూ ఈ ఊరు రాకు.”

తడి సిరా

పత్రిక రావడానికి ఇంకా మూడు వారాలుంది. మూడు వారాలు దానయ్య ఒడ్డున కూర్చోవాలి. నేను తిన్నగా అయ్యగారింటికి వెళ్లి, నిలబడే ఒక కాగితం మీద జరిగింది రాసి ముందు పెట్టాను. పత్రిక పేరుతోనే, దాన్ని చదివేవాళ్లందరికీ వెళ్లేలా, విడిగా ఒక పేజీ రేపే అచ్చు వెయ్యాలన్నాను. లేకపోతే నా రాజీనామా కూడా అచ్చు వెయ్యండి, ఖాళీ ఉంటే పక్కనే వెయ్యండి అన్నాను.

ఆయన చదివాడు. చాలాసేపు చదివాడు, అంత పొడుగేం లేదు అది. తరవాత కలం తీసుకుని నా పేరు కింద తనే రాశాడు: ‘ఫలము కావలెనని ఆమెను తొందరపెట్టినది నేను. ఈ తప్పులో సగము నాది.’ కింద సంతకం పెట్టాడు.

నేను ఆయన మీద ఇరవై ఫిర్యాదులు చెప్పగలను, ఇప్పుడే ఒకటి చెప్పాను కూడా. కానీ ఆ సంతకం చూసిన తరవాత ఆయన మాట ఎప్పుడూ మూడోసారి కాదనలేదు. రెండుసార్లు అనేదాన్ని.

గేట్ బజార్ సందులో మా పత్రిక వేసే ప్రెస్సు. కంపోజిటరు అక్షరాలు పేరుస్తుంటే వెనక నిలబడి సతాయించాను. “అమ్మా, మీరు బయటుంటే తొందరగా అవుద్ది,” అన్నాడు పాపం. మర్నాడు మధ్యాహ్నానికి కాగితాలు చేతికొచ్చాయి, సిరా ఇంకా ఆరలేదు. మడతపెడితే అంటుకుంటాయని, బస్సులో రెండు చేతుల్తో పరిచి పట్టుకుని నిలబడే వెళ్లాను. జనం తోసుకుంటుంటే మోచేతులతో నెట్టుకుంటూ, నా చీర నల్లబడింది, నాకేం లక్ష్యం! పెళ్లికి వెళ్తున్నంత సంబరంగా ఉంది. నా తప్పు నేనే మోసుకెళ్తూ అంత సంబరం ఏమిటంటారా? మీరు కూడా ఒకసారి మోసి చూడండి.

రెండోసారి

ఊరు రావద్దన్నారు కాబట్టి పొలిమేర దగ్గరే ఆగి కబురంపాను. ఊరే కదిలి వచ్చింది. దానయ్య మగవాళ్ల చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకా మూటతోనే ఉన్న ఎర్రమ్మ కాగితం అందుకుంది. వేలికి సిరా అంటింది, కొంగుకి తుడుచుకుంది. మగవాళ్ల ఎదుట గొంతెత్తి చదవడం అదే మొదటిసారి.

‘ఎర్రమ్మ పటమును పారవేయలేదు. ఆచారము ప్రకారము నీళ్లలో కలిపినది. పారవేసినదని నేను వ్రాసినది అబద్ధము. దేవుడు అబద్ధము కోరలేదు, నా పేరు కోసము నేనే వ్రాసితిని.’

అయ్యగారి మాటలు కూడా చదివింది. సోమయ్య కాగితం తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూసి, దానయ్య వైపు తలూపాడు. “ఎల్లు. తాడు పట్టు.” దానయ్య మరో మాట వినకుండా ఒడ్డుకి పరిగెత్తాడు. చోడమ్మ కోడలి చేతిలో మూట లాక్కుని ఇంటి వైపు నడిచింది. ఆవిడ క్షమాపణ అదే.

నాకు అరిచి పాట పాడాలనిపించింది. ఎర్రమ్మ మాత్రం కదల్లేదు. కాగితం మళ్లీ తీసుకుని నేను రాసినదాంట్లో చివరి వరుస మీద వేలు పెట్టింది.

“ఇదేటి? ‘ఎర్రమ్మ మన విశ్వాసములోనికి రాలేదు.’ ఇలాగ రాసినావేటి?”

“నిజమే కదా. ఈసారి అబద్ధం ఉండకూడదని...”

“వచ్చినానో నేదో నన్నడిగినావా?”

నేను కాగితం కోసం చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

“అప్పుడూ అడగనేదు, ఇప్పుడూ అడగనేదు. మారనోడన్నావు గదా, మరి ఆయనకి నువ్వు రాస్తేనే తెలుస్తాదా? అది ఆయనకీ నాకూ మద్దిన మాట.” కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. “గురువారం రా. పలక పగిలింది, కొత్తది తే.”

ఎర్రమ్మ తరవాత నమ్మిందా, ఎప్పుడు నమ్మింది, ఎలా నమ్మింది అని కొత్త పిల్లలు ప్రతివాళ్లూ అడుగుతారు. నాకు తెలుసు. రాయను. ఆర్యపల్లి వెళ్లి ఆమెనే అడగండి. గంప దించాక అడగండి, తల మీద ఉండగా అడిగితే తిడుతుంది.